ప్రతిబింబం నుంచి పరపురప్రవేశం దాకా: ‘మయామి వైస్’ అనుకరణల పరిశీలన

వ్యాససంగ్రహం:

1984లో అమెరికాలోని ఎన్.బి.సి. ప్రసార సంస్థ ప్రారంభించిన ‘మయామి వైస్’ ధారావాహిక, పోలీసు కథలను తెరమీద చూపే తీరును మార్చివేసింది. దాని విజయం తరువాత అదే ధోరణిలో అనేక నేరకథా ధారావాహికలు వెలువడ్డాయి. వాటిలో అధికభాగం ఒక్క సీజన్ కూడా పూర్తిగా నిలవలేదు. కొన్ని మాత్రం స్వతంత్రమైన గుర్తింపు పొందాయి. ఈ భేదానికి కారణమేమిటన్నది ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్న. ఇందుకు ఆనందవర్ధనుని సంవాద విభాగాన్నీ, రాజశేఖరుని అర్థహరణ విభాగాన్నీ కొలమానంగా స్వీకరించడం జరిగింది. మూలధారావాహికలో శైలి అలంకారమాత్రం కాదనీ, పాత్రల స్థితిని వెల్లడించే సాధనమనీ, దానిని బాహ్యరూపంగా మాత్రమే గ్రహించిన అనుకరణలు నిర్జీవమయ్యాయనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: అనుకరణ, అర్థహరణం, టెలివిజన్, నేరకథ, మయామి వైస్, రాజశేఖరుడు, శైలి.

1. ఉపోద్ఘాతం:

ఒక రచన విజయవంతమైన వెంటనే దానిని పోలిన రచనలు వెలువడడం అన్ని కళారూపాలలోనూ కనిపించేదే. అయితే టెలివిజన్ రంగంలో ఈ ప్రక్రియ మరింత వేగంగా సాగుతుంది. ఏ ధారావాహికను ఎంతమంది చూశారన్న లెక్క ప్రసార సంస్థలకు క్రమం తప్పకుండా అందుతుంది. ఆ లెక్కమీదే ప్రకటనల ఆదాయం ఆధారపడి ఉంటుంది. అందువల్ల ఒక సంస్థకు లాభించిన పద్ధతిని పోటీసంస్థలు వెంటనే అందుకోజూస్తాయి.

విమర్శలో ఇటువంటి రచనలన్నిటినీ ‘అనుకరణ’ అన్న ఒకే మాటతో తోసివేయడం పరిపాటి. ఆ మాట వల్ల రెండు వేర్వేరు విషయాలు ఒకటిగా కలిసిపోతాయి. మూలంలోని పైమెరుగును ఎత్తి రాసుకున్న రచన ఒకటి. మూలం చూపిన దారిలో నడిచి తనదైన వస్తువును సాధించిన రచన మరొకటి. రెండింటిలోనూ మూలం ఛాయ కనబడుతుంది. కానీ విలువ విషయంలో వాటి మధ్య ఎంతో అంతరముంది. ఈ అంతరాన్ని నిర్దేశించే పరిభాష లేకపోతే, పరిశోధకుడు పోలికల పట్టిక తయారుచేయగలడే గాని తీర్పు చెప్పలేడు. ఆ పరిభాష భారతీయ అలంకారశాస్త్రంలో వెయ్యేళ్ళకు పూర్వమే సిద్ధమై ఉన్నది. దానిని ఒక ఆధునిక మాధ్యమానికి అన్వయించి చూడడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. అనుకరణ - ఆలంకారికుల దృష్టి:

తొమ్మిదో శతాబ్దికి చెందిన ఆనందవర్ధనుడు ‘ధ్వన్యాలోకం’ చతుర్థోద్యోతంలో కవుల భావాల మధ్య కనిపించే పోలికను ‘సంవాదం’ అన్నాడు. దానిని మూడు విధాలుగా విభజించాడు. అద్దంలోని ప్రతిబింబం వంటిది మొదటిది. చిత్తరువు వంటిది రెండవది. ఒకే పోలికగల ఇద్దరు మనుషుల వంటిది మూడవది. ప్రతిబింబానికి తనదైన ఆత్మ లేదు. చిత్తరువుకు ఉన్నదన్నా అది అల్పమైనది. ఒకే పోలికగల మనుషులలో మాత్రం ఎవరి ప్రాణం వారికి ఉంటుంది. కనుక మొదటి రెండూ వర్జ్యాలు, మూడవది గ్రాహ్యం అని ఆయన నిర్ణయం.

అనంతరకాలికుడైన రాజశేఖరుడు ‘కావ్యమీమాంస’లో ఈ చర్చను విస్తరించాడు. శబ్దహరణాన్ని ఒక అధ్యాయంలో ప్రత్యేకంగా చర్చించి, తరువాతి అధ్యాయాలలో అర్థహరణాన్ని విచారించాడు. ఆయన చెప్పిన భేదాలు నాలుగు. భావమంతా మూలానిదే అయి వాక్యరచన మాత్రమే మారితే అది ప్రతిబింబకల్పం. కొద్దిపాటి సంస్కారంతో వస్తువు వేరైనట్లు కనిపిస్తే ఆలేఖ్యప్రఖ్యం. విషయం వేరైనా గాఢమైన సాదృశ్యం వల్ల ఒకటే అనిపిస్తే తుల్యదేహితుల్యం. మూలం ఒకటే అయినా పరికరసామగ్రి అంతా దూరంగా జరిగిపోతే పరపురప్రవేశసదృశం. మొదటి రెండింటినీ ఆయన ‘అన్యయోని’ అన్నాడు. అంటే పుట్టుక మరొకచోట ఉన్నట్లు స్పష్టంగా తెలిసేవి. చివరి రెండూ ‘నిహ్నుతయోని’. అంటే పుట్టుక మరుగుపడినవి.

ఈ విభాగానికి పునాది ఒక్కటే. పోలిక ఎంత ఉన్నదన్నది కాదు, పోలిక ఉన్నచోట ప్రాణం ఎవరిదన్నది ప్రధానం. ‘మయామి వైస్’ అనుకరణలను ఈ దృష్టితో చూడాలంటే ముందుగా మూలం ప్రాణమెక్కడుందో గుర్తించాలి.

3. మూలస్వరూపం:

3.1 స్థలకాలాలు:

‘మయామి వైస్’ 1984 సెప్టెంబరు 16న రెండు గంటల ప్రారంభ చిత్రంతో మొదలై 1989 వరకు అయిదు సీజన్లు సాగింది. దీని సృష్టికర్త ఆంథొనీ యెర్కోవిచ్. అంతకుముందు ఆయన ‘హిల్ స్ట్రీట్ బ్లూస్’ అనే ప్రసిద్ధ పోలీసు ధారావాహికకు పనిచేశాడు. ‘థీఫ్’ (1981) చిత్ర దర్శకుడైన మైకేల్ మాన్ దీనికి ప్రధాన నిర్మాత. పోలీసుశాఖలో మాదకద్రవ్యాలు, జూదం, వ్యభిచారం వంటి నేరాలను చూసే విభాగానికి ‘వైస్’ అని పేరు. ఆ విభాగంలో మారుపేర్లతో పనిచేసే సోనీ క్రాకెట్ (డాన్ జాన్సన్), రికార్డో టబ్స్ (ఫిలిప్ మైకేల్ థామస్) ఇందులో ప్రధాన పాత్రలు.

ఈ కథకు మయామి నగరం కేవలం నేపథ్యం కాదు. 1980లో క్యూబాలోని మారియెల్ రేవు నుంచి సుమారు 1,25,000 మంది ఫ్లోరిడాకు వలస వచ్చారు. అదే ఏడాది నగరంలో జాత్యల్లర్లు చెలరేగాయి. దక్షిణ అమెరికానుంచి వచ్చే కొకెయిన్‌కు మయామి ముఖద్వారమైంది. ఆ వ్యాపారపు ధనం నగరంలోకి ప్రవహించింది. మరోవైపు మయామి బీచ్‌లోని ఆర్ట్ డెకో శైలి భవనాల ప్రాంతం 1979లో జాతీయ చారిత్రక స్థలాల జాబితాలో చేరింది. ఒకే నగరంలో పాత అందమూ, కొత్త ధనమూ, హింసా ఏకకాలంలో ఉన్నాయి. ధారావాహిక చూపిన వైభవానికి ఆధారం ఇదే.

3.2 శైలి - అర్థం:

సంగీత వీడియోలను ప్రసారం చేసే ఎం.టి.వి. 1981లో మొదలైంది. ఎన్.బి.సి. అధికారి బ్రాండన్ టార్టికాఫ్ ‘ఎం.టి.వి. పోలీసులు’ అని ఒక చీటీమీద రాసిన మాటనుంచే ఈ ధారావాహిక పుట్టిందన్న కథ ప్రచారంలో ఉంది. యెర్కోవిచ్ చెప్పిన కారణం వేరు. నేరస్థుల నుంచి జప్తు చేసిన ఆస్తులను పోలీసు విభాగాలు తమ విధులకు వాడుకోవచ్చునన్న చట్టవిధానం ఆయన ఆలోచనకు మూలం. ఈ రెండు వివరణలలో రెండవది కథను అర్థం చేసుకోవడానికి ఎక్కువ తోడ్పడుతుంది.

సామాన్య జీతగాడైన పోలీసు ఖరీదైన దుస్తులు, కారు, పడవలతో తిరగడం ఎలా సాధ్యమన్న ప్రశ్నకు కథలోనే సమాధానముంది. అవి అతనివి కావు. అతడు ధరించిన మారువేషానివి. క్రాకెట్ మాదకద్రవ్యాల రవాణాదారు ‘సోనీ బర్నెట్’గా చలామణి అవుతాడు. అతడి వైభవమంతా బర్నెట్‌ది. క్రాకెట్‌కు మిగిలింది విడాకులదాకా వచ్చిన సంసారం, పడవమీద ఒంటరి నివాసం. అంటే ఈ ధారావాహికలో అందం పాత్రకు చెందినది కాదు, పాత్ర పోగొట్టుకున్న దానికి గుర్తు. ప్రారంభ సీజన్లలో క్రాకెట్ నడిపిన నల్లని ఫెరారీ కారు నిజమైన ఫెరారీ కాదు. షెవ్రొలే కార్వెట్ చట్రంమీద నిర్మించిన నకలు. నిర్మాణ సౌలభ్యంకోసం జరిగిన ఈ ఏర్పాటు కథాంశానికి యాదృచ్ఛికంగా సరిపోయింది.

ప్రారంభ చిత్రంలో బహుళచర్చకు పాత్రమైన ఒక దృశ్యముంది. తన అన్నను చంపిన నేరస్థుని కోసం న్యూయార్క్ నుంచి వచ్చిన టబ్స్‌తో కలిసి క్రాకెట్ రాత్రివేళ కారులో వెళుతుంటాడు. ఫిల్ కాలిన్స్ పాట ‘ఇన్ ది ఎయిర్ టునైట్’ వినబడుతుంది. సంభాషణ దాదాపు లేదు. దారిలో క్రాకెట్ కారు ఆపి, టెలిఫోన్ బూత్ నుంచి భార్యకు ఫోన్ చేసి, తమ మధ్య ఒకప్పుడున్న బంధం నిజమైనదేనా అని అడుగుతాడు. ఆ తరువాత మళ్ళీ ప్రయాణం. ఇక్కడ పాట కథను ఆపలేదు. అబద్ధాన్ని వృత్తిగా చేసుకున్న మనిషి తన జీవితంలో నిజమేదో తెలియక చేసిన ప్రశ్నకు ముందూ వెనుకా ఉన్న మౌనాన్ని ఆ పాట నింపింది. సంభాషణ చేయవలసిన పనిని సంగీతం, దీపకాంతి చేశాయి.

వర్ణాల ఎంపికలోనూ ఇదే నియమం. మట్టిరంగులు తెరమీద కనబడరాదని మాన్ నిర్దేశించాడు. లేత గులాబీ, లేత నీలం, తెలుపు ప్రధానమయ్యాయి. ఆ లేతరంగుల నడుమ విభాగాధిపతి కాస్టిల్యో (ఎడ్వర్డ్ జేమ్స్ ఓల్మోస్) నల్లని సూటు, సన్నని టై ధరించి, మితభాషిగా నిలుస్తాడు. చుట్టూ ఉన్న ప్రలోభానికి లొంగని మనిషిని రంగుతోనే వేరుచేసి చూపడం ఇది. ఓల్మోస్‌కు 1985లో సహాయనటునిగా ఎమ్మీ పురస్కారం లభించింది.

మారువేషం మనిషిని మింగివేయడమన్న ఈ అంశం నాలుగో సీజన్ చివరిభాగమైన ‘మిర్రర్ ఇమేజ్’ (1988)లో పరాకాష్ఠకు చేరింది. ఒక ప్రేలుడులో జ్ఞాపకశక్తి కోల్పోయిన క్రాకెట్ తాను నిజంగానే బర్నెట్‌నని నమ్మి నేరస్థుల పక్షాన చేరతాడు. నాలుగేళ్ళుగా దృశ్యాలలో సూచ్యంగా ఉన్న భావం ఇక్కడ ఇతివృత్తంగా వాచ్యమైంది.

3.3 శైలికి అయిన వ్యయం:

ఈ శైలి ఖర్చుతో కూడినది. ఒక్కొక్క భాగానికి సుమారు 13 లక్షల డాలర్లు వ్యయమైనట్లు నాటి పత్రికలు పేర్కొన్నాయి. అప్పటి గంటనిడివి ధారావాహికల సగటుకన్నా ఇది ఎక్కువ. చిత్రీకరణలో అధికభాగం మయామిలోనే జరిగింది. పాటలను నకలు గాయకులతో పాడించకుండా మూలగాయకుల గళంతోనే వినిపించడానికి హక్కులు కొన్నారు. యాన్ హామర్ భాగాలకు విడివిడిగా నేపథ్యసంగీతం సమకూర్చాడు. ఆయన కూర్చిన శీర్షికాసంగీతం 1985 నవంబరులో బిల్‌బోర్డ్ పాటల పట్టికలో మొదటి స్థానానికి చేరింది. శైలిని కథనసాధనంగా వాడాలంటే ప్రతి దృశ్యానికీ సమయం, ధనం, ఒకే దృష్టిగల పర్యవేక్షణ అవసరం. అనుకర్తలకు ఈ మూడింటిలో ఏదో ఒకటి లోపించింది.

4. అనుకరణకు దోహదం చేసిన పరిస్థితులు:

అప్పటి అమెరికన్ టెలివిజన్‌లో ఎన్.బి.సి., సి.బి.ఎస్., ఏ.బి.సి. అనే మూడు పెద్ద సంస్థలుండేవి. 1984-85 సీజన్‌లో ఏ.బి.సి. మూడవ స్థానానికి పడిపోయింది. చాలాకాలం చివర నిలిచిన ఎన్.బి.సి. 1985-86లో మొదటి స్థానానికి ఎదిగింది. ఆ ఏడాది ‘మయామి వైస్’ వీక్షకుల పట్టికలో తొమ్మిదవ స్థానం పొందింది. ఇటువంటి స్థితిలో ఏ.బి.సి. అదే మూసలో ధారావాహికలను సిద్ధం చేయడం సహజపరిణామం.

ఇక్కడ కాలక్రమాన్ని గమనించాలి. నాటి పద్ధతి ప్రకారం కొత్త ధారావాహికల నమూనా చిత్రాలను శీతకాలంలో నిర్మింపజేసి, మే నెలలో ఎంపికచేసి, సెప్టెంబరులో ప్రసారం ప్రారంభించేవారు. 1984 సెప్టెంబరులో మొదలైన ‘మయామి వైస్’కు తొలిసీజన్‌లో పెద్దసంఖ్యలో వీక్షకులు లేరు. 1985 వేసవి పునఃప్రసారాలలో ఆదరణ పెరిగింది. అంటే 1985 శరదృతువులో వచ్చిన అనుకరణలకు సంబంధించిన నిర్ణయాలు మూలధారావాహిక పూర్తిగా స్థిరపడకముందే జరిగాయి. నాటికి అందరి నోటా నలుగుతున్నవి దుస్తులు, కారు, పాటలు. మారువేషం అన్న అంశం ఎంతలోతుకు పోగలదో తెలియడానికి మరి మూడేళ్ళు పట్టింది. అనుకర్తలు బాహ్యరూపాన్ని మాత్రమే గ్రహించడానికి వారి అశక్తత ఒక్కటే కారణం కాదు. గ్రహించవలసిన తక్కిన అంశం అప్పటికి తెరమీదికి పూర్తిగా రాలేదు.

5. ప్రతిబింబకల్పం - ‘హాలీవుడ్ బీట్’:

1985 సెప్టెంబరులో ఏ.బి.సి. ‘హాలీవుడ్ బీట్’ను ప్రారంభించింది. దీని నిర్మాత ఆరన్ స్పెల్లింగ్ అప్పటికే అనేక జనాదరణగల ధారావాహికలను అందించిన అనుభవజ్ఞుడు. జాక్ స్కాలియా, జే అకొవోనే ధరించిన ప్రధానపాత్రలు మారువేషాల్లో తిరిగే ఇద్దరు యువ పోలీసులు. స్థలం మయామికి బదులు హాలీవుడ్. రాక్ సంగీతం, వీధి దుస్తుల సోకు, వేగంగా సాగే దృశ్యాలు అన్నీ ఉన్నాయి. అదే ఏడాది ముగియకముందే ప్రసారం నిలిచిపోయింది.

రాజశేఖరుని లక్షణం దీనికి యథాతథంగా సరిపోతుంది. భావమంతా మూలానిదే, వాక్యరచన మాత్రమే వేరు. మారువేషం ఇక్కడ కేవలం ఉపాయం. నేరస్థుని పట్టుకున్న వెంటనే దానిని విప్పివేయవచ్చు. ధరించినవాని జీవితాన్ని అది తాకదు. అందువల్ల సంగీతం, వర్ణాలు చెప్పవలసిన విషయమేదీ మిగలలేదు.

ప్రసారసమయం మరొక కారణం. ‘మయామి వైస్’ శుక్రవారం రాత్రి పది గంటలకు వచ్చేది. ‘హాలీవుడ్ బీట్’కు శనివారం రాత్రి ఎనిమిది గంటల వేళ లభించింది. ఎనిమిది గంటలకు పిల్లలతో సహా కుటుంబమంతా టెలివిజన్ ముందుంటుందన్న భావనతో ఆ వేళ కార్యక్రమాలలో హింస, నైతిక సందిగ్ధత పరిమితంగా ఉండేవి. పది గంటలకు చెప్పదగిన కథను ఎనిమిది గంటలకు చెప్పవలసివచ్చినపుడు మిగిలేది రంగులు, పాటలు మాత్రమే.

6. ఆలేఖ్యప్రఖ్యం - ‘ది ఇన్‌సైడర్స్’, ‘స్టింగ్‌రే’:

అదే సెప్టెంబరులో ఏ.బి.సి. బుధవారం రాత్రి ఎనిమిది గంటలకు ‘ది ఇన్‌సైడర్స్’ను ప్రసారం చేసింది. ఇందులో కొద్దిపాటి సంస్కారం ఉంది. ప్రధానపాత్రలు పోలీసులు కారు. ఒకరు పత్రికా విలేఖరి (నికొలస్ క్యాంప్‌బెల్), మరొకరు అతని సహచరుడైన మాజీ నేరస్థుడు (స్టోనీ జాక్సన్). వార్తకోసం వీరు మారువేషాలలో ముఠాలలోకి ప్రవేశిస్తారు. శ్వేత, నల్లజాతి యువకుల జంట, వేషాలు, రాక్ సంగీతం మూలాన్ని అడుగడుగునా గుర్తుచేస్తాయి. శీర్షికాగీతంగా వాడిన పాట సైతం ఫిల్ కాలిన్స్ సభ్యుడుగా ఉన్న ‘జెనసిస్’ బృందానిది. 1986 జనవరితో ఇది ముగిసింది.

విలేఖరి వృత్తిని ఎంచుకోవడం నిజానికి మంచి అవకాశం. రాయడం కోసం అబద్ధమాడే మనిషికి తనవైన ధర్మసంకటాలుంటాయి. తన పేరును దాచి ఇతరుల రహస్యాన్ని బయటపెట్టేవాడు తన పాఠకునికి ఏ మేరకు జవాబుదారీ? ఇటువంటి ప్రశ్నకు చోటిచ్చి ఉంటే ఈ రచన తుల్యదేహి కాగలిగేది. అందుకు భిన్నంగా విలేఖరి చేతికి పోలీసు చేసే పనినే అప్పగించారు. వృత్తి మారింది, పాత్ర మారలేదు. చిత్తరువులో రంగులు మారినా ప్రాణం రానట్లే ఇదీ.

స్టీఫెన్ జె. కానెల్ సృష్టించిన ‘స్టింగ్‌రే’ (ఎన్.బి.సి., 1986-87) ఇంతకన్న ఒక మెట్టు పైన నిలుస్తుంది. నల్లని కార్వెట్ స్టింగ్‌రే కారులో తిరిగే ఒక అజ్ఞాతవ్యక్తి (నిక్ మాన్‌క్యూసో) ఆపదలో ఉన్నవారికి సహాయపడతాడు. ధనం తీసుకోడు. తాను కోరినపుడు ఒక ఉపకారం చేయాలన్నదే అతని షరతు. రాత్రి దృశ్యాలు, సంగీతం, కారు మూలంనుంచి వచ్చినవే. ఉపకారానికి ప్రత్యుపకారం అన్న నియమం మాత్రం కొత్తది. ఒక కథలో సహాయం పొందినవాడు మరొక కథలో సహాయకుడవుతాడు. ఈ సంస్కారం వల్ల ‘స్టింగ్‌రే’ ఆలేఖ్యానికీ తుల్యదేహికీ నడుమ నిలిచింది. అయితే కథానాయకుని గతాన్ని పూర్తిగా మరుగుపరచడం వల్ల అతని అంతరంగంలోకి ప్రవేశించే మార్గం ప్రేక్షకునికి దొరకలేదు.

7. తుల్యదేహితుల్యం - ‘క్రైమ్ స్టోరీ’, ‘వైజ్‌గై’:

‘క్రైమ్ స్టోరీ’ 1986 సెప్టెంబరులో ఎన్.బి.సి.లో ప్రారంభమై 1988 వరకు రెండు సీజన్లు సాగింది. దీనికి ప్రధాన నిర్మాత మైకేల్ మాన్. సృష్టికర్తలలో ఒకడైన చక్ ఆడమ్సన్, ప్రధానపాత్రధారి డెనిస్ ఫరీనా ఇద్దరూ పూర్వాశ్రమంలో చికాగో పోలీసులు. కథాకాలం 1963. చికాగోలో ఒక పోలీసు అధికారికీ, ఎదుగుతున్న నేరస్థునికీ మధ్య మొదలైన వైరం లాస్ వేగస్ దాకా సాగుతుంది. డెల్ షానన్ 1961 నాటి ‘రన్‌అవే’ పాటకు కొత్తరూపం శీర్షికాగీతమైంది.

సంగీతంతో కాలాన్నీ మనఃస్థితినీ సూచించడం, రంగులతో లోకాన్ని నిర్మించడం ‘మయామి వైస్’ నియమాలే. ఇక్కడ అవి వేరొక వస్తువుకు పనిచేశాయి. మారువేషం స్థానంలో పగ వచ్చింది. నేరస్థుని వెంటాడడమే జీవితమైన అధికారి తన గృహజీవితాన్ని చేజేతులా కూల్చుకుంటాడు. ఒక భాగంలో కథ ముగియక, సీజన్ పొడవునా కొనసాగే నిర్మాణం ఇందుకు అనువైంది. నిర్మాత ఒకడే కనుక ఇది అనుకరణ కాదన్న వాదానికి అవకాశముంది. కానీ సంవాద విభాగం కవులను బట్టి గాక కావ్యాలను బట్టి ఏర్పడింది. ఆ దృష్టిలో రెండు కృతుల నడుమ గల సంబంధమే ప్రధానం.

కానెల్, ఫ్రాంక్ లూపో రూపొందించిన ‘వైజ్‌గై’ (సి.బి.ఎస్., 1987-90) మరింత విలువైన ఉదాహరణ. ఇందులో విన్నీ టెరనోవా (కెన్ వాల్) నేరముఠాలలో రహస్యంగా చేరే ప్రభుత్వోద్యోగి. ‘మయామి వైస్’లో సాధారణంగా ఒక భాగానికొక నేరస్థుడు. ‘వైజ్‌గై’లో ఒకే నేరస్థుని కథ అనేక వారాలపాటు సాగుతుంది. మొదటి కథావలయంలో టెరనోవా ముఠానాయకుడు సోనీ స్టీల్‌గ్రేవ్ (రే షార్కీ) విశ్వాసాన్ని సంపాదిస్తాడు. ఆ క్రమంలో వారి మధ్య నిజమైన స్నేహం ఏర్పడుతుంది. చివరకు విధి నెరవేరాలంటే ఆ స్నేహాన్ని వంచించక తప్పదు. నిజం తెలిసిన స్టీల్‌గ్రేవ్ మరణంతో ఆ వలయం ముగుస్తుంది.

ఇందులో లేతరంగులు లేవు, సముద్రతీర వైభవం లేదు. కానీ ‘మయామి వైస్’ లేవనెత్తిన ప్రశ్న ఉంది. వేషం వేసినవాని ప్రేమ వేషానిదా, మనిషిదా? మూలం ఈ ప్రశ్నను దృశ్యాల ద్వారా వ్యంజింపజేస్తే ‘వైజ్‌గై’ కథనపు నిడివి ద్వారా సాధించింది. బాహ్యసాదృశ్యం అతితక్కువగా ఉన్న ఈ ధారావాహిక మూలానికి అత్యంత సన్నిహితమన్నది ఈ పరిశీలనలో తేలే ముఖ్యాంశం.

8. మూలకర్తలు - స్వీయానుకరణ, పరపురప్రవేశం:

మూలకర్త తన శైలిని తానే పునరావృత్తం చేస్తే ఏమవుతుందన్నది మరొక ప్రశ్న. యెర్కోవిచ్ 1987లో ఎన్.బి.సి. కోసం ‘ప్రైవేట్ ఐ’ని సృష్టించాడు. 1956 నాటి లాస్ ఏంజెలిస్‌లో ఉద్యోగం పోగొట్టుకున్న ఒక పోలీసు అపరాధపరిశోధకుడుగా మారిన కథ ఇది. కాలానుగుణమైన దుస్తులు, కార్లు, సంగీతం శ్రద్ధగా సమకూర్చారు. ఒక్క సీజన్‌తో ముగిసింది. 1980ల మయామిలో శైలికి వెనుక ఒక సమకాలిక వాస్తవముంది. 1950ల లాస్ ఏంజెలిస్‌ను మాత్రం ప్రేక్షకుడు అంతకుముందే అనేక చలనచిత్రాలలో చూసి ఉన్నాడు. జీవితంనుంచి గాక చలనచిత్రాలనుంచి తీసుకున్న శైలి కావడంతో కర్తృత్వం మూలకర్తదే అయినా ఫలితం వేరైంది.

2006లో మైకేల్ మాన్ రచించి దర్శకత్వం వహించిన ‘మయామి వైస్’ చలనచిత్రం దీనికి విపర్యయం. కాలిన్ ఫారెల్, జేమీ ఫాక్స్ ప్రధానపాత్రధారులు. తొలిసీజన్‌లోని ‘స్మగ్లర్స్ బ్లూస్’ భాగంనుంచి కొంత ఇతివృత్తం తీసుకున్నారు. లేతరంగులు పోయాయి. యాన్ హామర్ శీర్షికాసంగీతం లేదు. అధికభాగం డిజిటల్ కెమెరాలతో తీసిన చీకటి ఆకాశాలు, తుపాను మేఘాలు, గరుకైన రాత్రిదృశ్యాలు వచ్చాయి. రహస్యవిధులలో ఉన్న క్రాకెట్ నేరసామ్రాజ్యానికి చెందిన స్త్రీని ప్రేమించడం, ఆ ప్రేమకు భవిష్యత్తు లేదని ఇద్దరికీ తెలిసి ఉండడం కథకు కేంద్రం.

మూలం ఒకటే, పరికరసామగ్రి అంతా దూరంగా జరిగింది. పరపురప్రవేశానికి రాజశేఖరుడు చెప్పిన లక్షణమిదే. అయితే ఆయన విభాగంలో ఇది పుట్టుక మరుగుపడిన కోవకు చెందుతుంది. చలనచిత్రం మూలం పేరునే ధరించింది. పేరు పుట్టుకను ప్రకటిస్తుండగా రూపం దానిని దాచింది. పాత రంగులు, పాత సంగీతం ఆశించి వచ్చిన ప్రేక్షకులలో కొందరికి నిరాశ కలగడానికి కారణమిదే. వ్యాపారచిహ్నంగా పేరు నిలిచే ఆధునిక మాధ్యమంలో ప్రాచీన విభాగాన్ని ఈ మేరకు సవరించుకోవలసి ఉంటుంది.

9. అన్వయంలోని పరిమితులు:

కావ్యమీమాంసను టెలివిజన్‌కు అన్వయించడంలో మరికొన్ని చిక్కులూ ఉన్నాయి. కావ్యానికి కవి ఒక్కడు. ధారావాహికకు రచయితలు, దర్శకులు, సంగీతకారులు, ప్రసారసంస్థ అధికారులు అనేకులు కర్తలు. ‘మయామి వైస్’ సైతం అయిదేళ్ళూ ఒకే రూపంలో లేదు. మూడవ సీజన్‌లో డిక్ వుల్ఫ్ నిర్మాణబాధ్యత స్వీకరించాక రంగులు ముదిరాయి, కథలు వార్తాంశాలకు దగ్గరయ్యాయి. ఆ సీజన్‌లోనే ప్రసారం తొమ్మిది గంటలకు మారి, ‘డాలస్’ అనే జనాదరణగల ధారావాహికతో పోటీపడవలసివచ్చింది. కాబట్టి ఏ సీజన్‌ను మూలంగా తీసుకుంటున్నదీ పరిశోధకుడు స్పష్టపరచాలి.

రెండవది, విజయపరాజయాలు గుణానికి నేరుగా కొలమానాలు కావు. వీక్షకుల సంఖ్యలో ‘క్రైమ్ స్టోరీ’ గొప్ప విజయమేమీ కాదు. ఫ్లోరిడా విలాసజీవితాన్నీ నేరాన్నీ జోడించిన కానెల్ ధారావాహిక ‘సిల్క్ స్టాకింగ్స్’ 1991 నుంచి 1999 వరకు సాగింది. కథాస్థలం ఫ్లోరిడాలోని పామ్ బీచ్ అయినా చిత్రీకరణ ఎక్కువగా కాలిఫోర్నియాలోని శాండియాగోలో జరిగింది. దీర్ఘకాలం నిలవడం వల్ల దానికి తుల్యదేహి స్థానం దక్కదు. ప్రసారఫలితాన్నీ కళాఫలితాన్నీ వేరుగా చూడడానికి ఈ రెండు ఉదాహరణలు చాలు.

10. ముగింపు:

పై పరిశీలనవల్ల తేలిన అంశాలు ఇవి:

1. ‘మయామి వైస్’లోని రంగులు, సంగీతం, వైభవం మారువేషమన్న కేంద్రాంశానికి అంగాలు. అంగిని విడిచి అంగాలను మాత్రమే గ్రహించిన రచనలు ప్రతిబింబ, ఆలేఖ్య స్థాయిలో ఆగిపోయాయి.

2. ఈ వైఫల్యానికి రచనాలోపంతో పాటు నిర్మాణకాలపు తొందర, ప్రసారసమయపు పరిమితి, వ్యయభారం కారణాలు. కేవలం పాఠాన్ని చూసి అనుకరణను నిర్ణయించడం అసంపూర్ణం.

3. బాహ్యసాదృశ్యం ఎంత ఎక్కువైతే మూలానికి అంత సన్నిహితమన్న అభిప్రాయం సరికాదు. ‘వైజ్‌గై’, 2006 నాటి చలనచిత్రం దీనికి నిదర్శనాలు.

4. మూలకర్తే రచించినా జీవితాధారం లేని శైలికి మూలంలోని శక్తి రాదని ‘ప్రైవేట్ ఐ’ తెలుపుతుంది.

ఇతరభాషల ధారావాహికలను, చలనచిత్రాలను తెలుగులో పునర్నిర్మించడం నేడు సర్వసాధారణం. వాటిమీద జరిగే పరిశోధనలు తరచుగా పాత్రల పేర్లు, సన్నివేశాలు, సంభాషణల పోలికలను పట్టికలుగా చూపి ముగుస్తున్నాయి. ఏది ఎంత తీసుకున్నారన్న ప్రశ్న తరువాత, తీసుకున్నది కొత్తచోట ఏ పని చేస్తున్నదన్న ప్రశ్న వేయగలిగితే ఆ పోలికలకు ప్రయోజనం చేకూరుతుంది. ఆనందవర్ధన, రాజశేఖరుల విభాగాలు ఆ రెండవ ప్రశ్నకు అవసరమైన పరిభాషను అందిస్తున్నాయి.